నలభై నిమిషాల లోతు

పాత కంప్యూటర్ కావాలని నా షెడ్డుకు వచ్చేవాళ్లలో ఎక్కువమందికి కంప్యూటర్ అక్కర్లేదు. దాని పక్కన నిలబడి ఫొటో దిగితే చాలు.

గుంటూరు మిర్చి యార్డు వెనక రేకుల షెడ్డు నాది. బ్యాంకులు, కాలేజీలు, డీటీపీ షాపులు పారేసిన యంత్రాలు నూట పది దాకా ఉంటాయి. వాటిని విప్పి, దుమ్ము దులిపి, పనిచేయించి, వాడేవాళ్ల ఇంటికి చేరుస్తాను. గుంటూరు కంప్యూటర్ మూత తీస్తే ఎవడికైనా తుమ్ము రావాల్సిందే. లోపల ఎర్రగా మిరప దుమ్ము. అది ఎంత మందాన పేరుకుందో చూసి ఆ యంత్రం ఎన్నేళ్లు నడిచిందో చెప్పగలను.

మొన్నామధ్య ఒక పళ్ల డాక్టరు వచ్చాడు. పెద్ద మానిటర్ ఒకటి కావాలన్నాడు. లోపలి సామాను తీసేసి, నీళ్లు పోసి, చేపలు పెంచుతాడట.

"చేపలకు టైపింగ్ వచ్చా?" అన్నాను.

జోకనుకుని నవ్వాడు. "మా హాస్పిటల్లో ముందు గదిలో పెడితే వచ్చినవాళ్లు చూస్తారండీ."

"వచ్చినవాళ్లు పన్ను నొప్పితో వస్తారు. చేపల్ని చూడ్డానికి కాదు. వెళ్లు."

నా పద్ధతి ఒక్కటే. ఇచ్చిన యంత్రాన్ని వారానికోసారి వెళ్లి చూస్తాను. వాడకపోతే వెనక్కి తెచ్చేసుకుంటాను. వాడుతుంటే మాత్రం దాని జోలికి పోను. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి దాకా చదివినవాణ్ణి. ఇంతకు మించిన సిద్ధాంతాలు నాకు లేవు.

డాక్టర్ ప్రద్యుమ్నకు చాలా ఉన్నాయి. ఊరి బయట ప్రైవేటు యూనివర్సిటీలో ఆయనకొక ల్యాబు ఉంది. ఆయనా ఫొటోలు తీసుకుంటూనే లోపలికి వచ్చాడు.

"కోటిలింగం గారూ, మీ దగ్గరున్నవి యంత్రాలు కావండీ. మనుషులు."

"మనుషులైతే అన్నం పెట్టాల్సొచ్చేది. యంత్రాలే."

"ఒకే మనిషి ఏళ్ల తరబడి వాడిన యంత్రం ఒకటి కావాలి. ఆ మనిషి చనిపోయి ఉంటే మరీ మంచిది."

మరీ మంచిది అన్నాడు. నేను మర్చిపోలేదు.

అదే వారం భానుమతి అనే ఆమె వాళ్ల నాన్న కంప్యూటర్ తీసుకొచ్చింది. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరై, ఏటా ఉగాదికి చుట్టాలందరికీ ఒక ఉత్తరం కొట్టి పంపేవాడట. పోయి ఏడాదైంది. మంచి ఇంటికి ఇవ్వమని నన్ను అడిగింది. నేను ప్రద్యుమ్న ల్యాబుకు పంపాను. ఆమెను కూడా తీసుకెళ్లాను.

ల్యాబులో బీరువా అంత పెట్టె ఉంది. దానికి స్మృతిమథని అని పేరు పెట్టారు. దాన్ని నడిపే అమ్మాయి నస్రీన్, పాత గుంటూరు పిల్ల. ఆమె మాత్రం దాన్ని గోకుడు పెట్టె అంటుంది.

"పలక మీద బలపంతో రాసి చెరిపేస్తావు గదా బాబాయ్. గీత పోద్ది. కానీ పలకని వెలుతురుకి అడ్డంగా తిప్పి చూడు, గాటు కనపడుద్ది. ర్యామ్ కూడా అంతే. కరెంటు పోతే అన్నీ పోయినయ్యనుకుంటాం. గాటు ఉంటది. పొరపొరా గోకి ఆ గాటు చదువుద్ది ఈ పెట్టె."

"ఏది కొట్టినా గాటు పడుతుందా?"

"కొట్టి వెంటనే చెరిపితే పడదు. తెర మీద ఎంతసేపుంటే అంత లోతు. లోతుని బట్టి ఎంతసేపుందో కూడా చెప్పుద్ది."

"గోకాక ర్యామ్ ఏమవుతుంది?"

"బూడిద."

భానుమతి ఇదంతా వినలేదు. అవతల ప్రద్యుమ్న ఆమె చేత కాగితాల మీద సంతకాలు పెట్టిస్తున్నాడు.

ర్యామ్ పెట్టెలో పెట్టారు. చల్లటి పొగ వచ్చింది. తెర మీద అక్షరాలు పడటం మొదలైంది. నల్లవి ఉంచినవి. ఎర్రవి చెరిపినవి. పంపిన ఉత్తరం ఇంట్లో కాగితం మీద ఉంటుంది, దానికి ఈ పెట్టె అక్కర్లేదు. ఈ పెట్టె పనికొచ్చేది ఎర్రవాటికే.

'భానుమతి అత్తారింటి నుంచి వచ్చేసింది. మా దగ్గరే ఉంటోంది. ఆ సంబంధం తొందరపడి చేసింది నేనే.' ఇదంతా ఎర్రగా ఉంది. దాని కింద నల్లగా: 'భానుమతి కులాసా.'

ఏడాది మారింది. మళ్లీ అదే. అలా పదకొండు ఉగాదులు.

"ఎంతసేపు ఉంచాడమ్మా?" అని అడిగింది భానుమతి.

"ఒక్కోసారి అరగంట పైనే అక్కా."

"అరగంట ఆలోచించి చెరిపాడన్నమాట." తెర మీంచి కళ్లు తీయకుండా, "పక్క గదిలోనే ఉండేదాన్ని. ఆయనకి కాఫీ ఇచ్చేది నేనే" అంది.

ప్రద్యుమ్న ఆమెకు శాలువా కప్పాడు. ఫొటో తీశారు. ఆమె ముఖం శాలువాలో మునిగిపోయింది. ఫొటోగ్రాఫరు తల ఎత్తమన్నాడు.

వారం తర్వాత షెడ్డుకు వచ్చింది. "నాన్న కంప్యూటర్ నాకిచ్చెయ్యండి. ఎవరికీ ఇవ్వొద్దు."

"పెట్టె ఉంది. లోపలిది పోయింది."

"గోకితే పోతుందని మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు."

ఆమె నన్ను ఒక పురుగును చూసినట్టు చూసి వెళ్లిపోయింది. నాకేమీ అనిపించలేదు. చచ్చినవాళ్ల మనసులో ఏముందో తెలుసుకోవాలని వచ్చేవాళ్లకు ఏది దొరికినా తక్కువే అనుకున్నాను.

ఆమెను చూశాకైనా నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు.

నా భార్య స్వరాజ్యం పోయి తొమ్మిదేళ్లు. అరండల్‌పేటలో మాకొక షాపు ఉండేది. ముందు సగం ఆమె డీటీపీ, వెనక సగం నా రిపేరు. పెళ్లికార్డులు, కరపత్రాలు, దినం కార్డులు, ఇరవై రెండేళ్లు కొట్టింది. ఒక డిసెంబరులో కుర్చీలోంచి జారి పడింది. రొమ్ములో గడ్డ, అప్పటికే ఎముకల్లోకి పాకింది. ఆర్నెల్ల ముందు వచ్చి ఉంటే బతికేదన్నాడు డాక్టరు. ఫిబ్రవరిలో పోయింది.

ఆర్నెల్ల ముందు, జూన్‌లో, ఒక గురువారం పొద్దున నేను వెనక గదిలోంచి బయటికి వచ్చేసరికి ఆమె చెరిపే మీట మీద వేలు పెట్టి అలాగే నొక్కి ఉంచింది. చాలాసేపు.

"ఏంటది?" అన్నాను.

"ఏం లేదు. తప్పు పడింది."

ఆమె కొట్టినదాంట్లో తప్పు పడదు. అది నాకు తెలుసు. అయినా పనిలోకి వెళ్లిపోయాను. పోయాక మాత్రం ఆ గురువారం నన్ను వదల్లేదు. గడ్డ సంగతి అప్పటికే ఆమెకు తెలుసా? తెలిసి దాచి ఉంటే, చావు ఆమె తెచ్చుకున్నదే. తెలియకపోతే ఎవరి తప్పూ లేదు. తెలిసే దాచిందని తొమ్మిదేళ్లూ నమ్మాను. ఆమెను తిట్టుకుంటూ అన్నం తిన్నాను. ఫొటోకు దండ వేయలేదు. నన్నొక మనిషిగా లెక్కచెయ్యని ఆడదానికి దండ ఎందుకు?

ఆమె యంత్రం షెడ్డులో ఒక మూల గుడ్డ కప్పి ఉంది. దాన్ని ల్యాబుకు పట్టుకెళ్లాను. పొగ వచ్చింది. అక్షరాలు పడ్డాయి.

'తేజ రకం, నలభై టిక్కీలు. నంబర్ ఐదు రకం, పన్నెండు టిక్కీలు.'

"మీ ఆవిడ మిర్చి వ్యాపారం చేసేదా బాబాయ్?" అంది నస్రీన్.

అది ఎవరో కోల్డ్ స్టోరేజీ గుమస్తా కొట్టిన జాబితా. రెండు గంటలు బస్తాలే నడిచాయి. నాకు అర్థమైంది. ఈ పనిచేసే వాళ్లందరికీ ఒక అలవాటు. ఒక యంత్రంలో మంచి భాగం తీసి ఇంకోదానికి వేస్తాం. మూడు చచ్చినవి కలిపితే ఒకటి నడుస్తుంది. ఆ ఒకటీ ఎవరిదని ఎవడూ అడగడు. స్వరాజ్యం ర్యామ్ మంచిది. నేనే దాన్ని పీకి ఇంకెక్కడో వేశాను. గుడ్డ కప్పి తొమ్మిదేళ్లు కాపాడింది ఎవడో గుమస్తాని.

షెడ్డుకు వచ్చి నోట్‌బుక్కు తిరగేశాను. ఏ భాగం ఎందులోకి వెళ్లిందో రాసి పెడతాను. స్వరాజ్యం ర్యామ్ ఏళ్ల తరబడి అలమరలో పడి ఉండి, రెండేళ్ల కింద మస్తాన్‌వలీ యంత్రంలోకి వెళ్లింది.

మస్తాన్‌వలీ ఒకప్పుడు సీసపు అక్షరాలు పేర్చిన కంపోజిటరు. నాకంటే ఏడేళ్లు పెద్ద. చేతులు వణుకుతాయి. పెన్ను పట్టుకోలేక కంప్యూటర్ అడిగాడు. ప్రెస్సుల కాలం గురించి రోజుకో పేజీ కొడతాడు. నేను ఇచ్చిన యంత్రాల్లో అంత బాగా వాడకంలో ఉన్నది ఇంకొకటి లేదు.

"రోజూ వాడుతున్నాడా?" అంది నస్రీన్. "అయితే రోజూ పైన ఇంకో పొర పడుతుంటది బాబాయ్. కిందవి నలిగిపోతయ్. తెచ్చేదుంటే తొందరగా తీసుకురా."

శనివారం వెళ్లాను. మస్తాన్‌వలీ ఒక్కో వేలితో గుచ్చి గుచ్చి కొడుతున్నాడు. అతను కొట్టే ప్రతి అక్షరం ఆమె మీద మట్టి వేస్తున్నట్టు అనిపించింది.

"లే అన్నా. దుమ్ము దులుపుతాను."

"పోయిన నెలేగా దులిపావు."

"ఇది గుంటూరు."

"అయితే నన్ను కూడా విప్పి దులుపు" అంటూ లేచి టీ పెట్టడానికి వెళ్లాడు. అతను వచ్చేలోపు ర్యామ్ మార్చేశాను. యంత్రం ఎప్పటిలాగే నడిచింది. అతనికి ఏ తేడా తెలియలేదు. టీ తాగి వచ్చాను. వాడుతున్న యంత్రం జోలికి పోనన్నవాణ్ణి నేనే.

స్వరాజ్యం దాకా వెళ్లాలంటే ముందు మస్తాన్‌వలీని గోకాలి. రెండేళ్ల మస్తాన్‌వలీ తెర మీద కిందికి జారాడు. ప్రెస్సు యజమానులు, సిరా డబ్బాలు, అక్షరాల అరలు. మధ్యలో ఎర్రగా ఒకటి: 'ఇవాళ లింగం వచ్చాడు, ముసలి గద్ద. యంత్రాన్ని చూస్తాడు. నా చేతులెలా ఉన్నాయని ఒక్కసారి అడగడు.' అది చాలా శనివారాలు ఉంది. కొట్టుకుని, కాసేపు ఉంచుకుని, చెరిపేసుకున్నాడు.

నస్రీన్ నవ్వు ఆపుకుంది. నేను చూడనట్టు ఉన్నాను.

మధ్యాహ్నానికి పెళ్లికార్డులు మొదలయ్యాయి. స్వరాజ్యం వచ్చింది. వధువులు, వరులు, సుముహూర్తాలు వెనక్కి నడిచాయి. ఎక్కడా ఎర్ర అక్షరం లేదు. ముందే చెప్పాను, ఆమెకు తప్పు పడదు. జనవరి రాలేదు, ఆమె ఆస్పత్రిలో ఉంది. డిసెంబరు, నవంబరు, అక్టోబరు, వానాకాలం. తర్వాత తెర సగం ఎర్రబడింది.

'వస్తువు: స్వరాజ్యం.
మోడల్: 1966.
లోపం: ఎడమ రొమ్ములో గడ్డ. సలుపు.
ఎప్పటినుంచి: మూడు నెలలు.
ఇంతకుముందు ఎవరైనా విప్పారా: లేదు.
తెచ్చినవారి పేరు: కోటిలింగం.
ఎప్పటికి కావాలి: తొందర లేదు.'

అది నా రిపేరు స్లిప్పు. షాపుకొచ్చే జనంతో మాట్లాడటం ఇష్టంలేక పెట్టిన పద్ధతి. స్లిప్పు నింపి ఇవ్వందే ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడేవాణ్ణి కాదు. దాని నమూనా కొట్టి పెట్టింది ఆమే.

నస్రీన్ కుర్చీలో వెనక్కి జరిగింది. తెలిసే దాచిందన్నమాట. నా మాటే నిజమైందని ఒక్క క్షణం అనుకున్నాను. ఆ ఒక్క క్షణం నాకు హాయిగానే ఉంది.

"ఎంతసేపుంది?" అని అడిగాను.

ఆమె లోతు చూసింది. ఇంకోసారి చూసింది. "ఎందుకులే బాబాయ్."

"చెప్పు."

"నలభై నిమిషాలు. అందుకే ఇంత కిందున్నా నలగలా. వెంటనే చెరిపుంటే మనకసలు దొరికేదే కాదు."

షాపులో ఆమె బల్ల మా రెండు గదుల మధ్య గుమ్మం పక్కనే ఉండేది. తెర గుమ్మం వైపే తిరిగి ఉండేది. ఆ పొద్దున బ్యాంకు నుంచి వచ్చిన యంత్రం విప్పుతున్నాను. స్క్రూడ్రైవర్ కోసం ఒకసారి ముందు గదిలోకి వచ్చాను. తాగిన గ్లాసు పెట్టడానికి ఇంకోసారి వచ్చాను. రెండుసార్లూ ఆమె భుజం పక్కనుంచే వెళ్లాను. మూడోసారి వచ్చేసరికి చెరుపుతోంది.

దాచలేదు. నాతో మాట్లాడాలంటే ఏం చెయ్యాలో అదే చేసింది. స్లిప్పు నింపి, నా దారిలో పెట్టి, నలభై నిమిషాలు కూర్చుంది.

మస్తాన్‌వలీ ఇంటికి నడిచి వెళ్లాను. అంత దూరం ఎలా నడిచానో తెలియదు. అతను కొడుతున్నాడు.

"ఇవాళ శనివారం కాదుగా" అన్నాడు.

"నీ ర్యామ్ దొంగిలించాను. దాంట్లో స్వరాజ్యం ఉందని గోకించాను. పైన నువ్వున్నావు. నువ్వు చెరిపినవన్నీ చదివాను."

కొట్టడం ఆపాడు. "గద్ద అన్నది కూడానా?"

"అది తొమ్మిదిసార్లు ఉంది."

"పన్నెండు అనుకున్నానే." అతను నవ్వలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని వణుకు ఆపడానికి ఒకదాన్నొకటి పట్టుకున్నాడు. "ఏం దొరికింది?"

చెప్పాను. స్లిప్పు సంగతి, నలభై నిమిషాల సంగతి. అతను ఓదార్చలేదు. కంపోజిటరు కదా, తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించడం అలవాటు.

"మరి తొమ్మిదేళ్లు తిట్టిన తిట్లున్నాయే లింగం, అవి ఎవరివిరా?"

నేను చెప్పుల కోసం చూశాను.

"యంత్రం ఉంచుతాను. అది నాకు కావాలి. నువ్వు మాత్రం ఇక రాకు" అని తెర వైపు తిరిగాడు. నేను గుమ్మం దాటేలోపే మీటల చప్పుడు మొదలైంది.

ప్రద్యుమ్న మర్నాడే షెడ్డుకు వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. వచ్చే నెల ల్యాబులో ప్రదర్శన. జనం వస్తారు, పేపర్లవాళ్లు వస్తారు. గోడ నిండా దొరికిన వాక్యాలు పెడతాడట.

"మీ శ్రీమతిగారి స్లిప్పు మధ్యలో ఉంటుందండీ. ఇంతవరకు మాకు దొరికినవాటిలో ఇంత అద్భుతమైనది లేదు. ఏమంటారు?"

అద్భుతమట. వీడి పెళ్లాం ఇంట్లో ఏం కొట్టి ఏం చెరుపుతోందో వీడికి తెలుసా అని చూశాను. తెలిసిన ముఖంలా లేదు.

"పేర్లు తీసేస్తాం లెండి. మీ మర్యాద మాకు ముఖ్యం."

"ఆమె పేరు తియ్యి. నాది ఉంచు."

"మీదెందుకండీ? జనం ఏమనుకుంటారు?"

"నాది తీస్తే స్లిప్పు ఇవ్వను."

ఆయనకు అర్థం కాలేదు. పొగ వదిలే పెట్టె కట్టినవాడికి అన్నీ అర్థం కావాలని లేదు. సరే అన్నాడు. శాలువా సంగతి ఎత్తబోయాడు. నా చూపు చూసి మానుకున్నాడు.

ప్రదర్శన రోజు పొద్దున్నే వెళ్లాను. స్లిప్పు నిలువెత్తు ఉంది. మొదటి వరుసలో పేరున్న చోట ఖాళీ. కాలేజీ పిల్లలు గుంపుగా వచ్చారు. మోడల్ సంవత్సరం చదివి ఒకడు పక్కుమన్నాడు. మూడో వరుసకు వచ్చేసరికి నవ్వు ఆగింది. కింద చిన్న అక్షరాలతో రాసి పెట్టారు: ఈ మాటలు తెర మీద నలభై నిమిషాలు ఉన్నాయి. పిల్లలు అది కూడా చదివి తర్వాతి దానికి వెళ్లారు.

పదకొండింటప్పుడు ఒకామె వచ్చింది. నడివయసు మనిషి, చేతిలో టిఫిన్ బాక్సు ఉన్న సంచి. ఏదో ఆఫీసు నుంచి వచ్చినట్టుంది. స్లిప్పు మొత్తం పెదాలు కదుపుతూ చదివింది. మళ్లీ మొదటికి వచ్చి చదివింది.

"నలభై నిమిషాలు ఎదురుగా ఉంటే చూసుకోలేదా వీడు?" అని తనలో తను అనుకున్నట్టు అంది. తర్వాత పక్కన నిలబడ్డ నన్ను చూసి, "ఎవరండీ ఈ కోటిలింగం?" అని అడిగింది.

"నేనే."

కిందనుంచి పైదాకా చూసింది. సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, నాకు దూరంగా రెండడుగులు జరిగి, వెళ్లిపోయింది.

ఇంకెవరైనా అడుగుతారేమోనని సాయంత్రం తలుపులు మూసేదాకా అక్కడే నిలబడ్డాను.